ఎనిమిదక్షరాల పేర్లు

మా ఇంటి కంప్యూటర్లో ‘పెళ్ళి’ అని వెతికితే ఒక్క ఫైలూ దొరకదు. ఆ డిస్కులో తక్కువలో తక్కువ ఎనిమిది వందల శుభలేఖలున్నాయి. ‘కవిత’ అని వెతికినా అంతే. కవితా సంపుటాలు ముప్పైకి పైనే ఉన్నాయి.

మా నాన్న విజయవాడ గవర్నర్‌పేటలో పద్దెనిమిదేళ్ళు డీటీపీ షాపు నడిపాడు. 1996లో మొదలుపెట్టి 2014లో మూసేశాడు. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు, గోడవారగా ఒక స్టూలు, దాని మీద ఎప్పుడూ ఎవరో ఒక కస్టమరు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ట్యూషన్ సెంటర్ల క్వశ్చన్ పేపర్లు, వీటి మధ్య అప్పుడప్పుడూ ఒక పుస్తకం. షాపు మూసేటప్పుడు సామానంతా వచ్చినకాడికి అమ్మేసి, హార్డ్ డిస్కులు మాత్రం పాత తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. వాటిని నేను లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మొత్తం 4,316 ఫైళ్ళు.

పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. ‘సుబ్బు3’, ‘కార్డ్19’, ‘లక్ష్మిన్యూ’, ఇలాగ. ఏ పేరూ ఎనిమిది అక్షరాలు దాటదు. డాస్ రోజుల్లో ఫైలు పేరుకి ఎనిమిది, చుక్క తర్వాత మూడు, అంతకు మించి వీల్లేదు. విండోస్ 95 వచ్చాక 255 అక్షరాల దాకా పెట్టుకోవచ్చన్నారు గానీ అప్పటికే నాన్న చెయ్యి ఎనిమిదికి అలవాటు పడిపోయింది. పేరు పొడుగ్గా ఉంటే టైము వేస్టు అంటాడు.

పేరులో లేకపోతే ఏం, లోపల ఉందిగా, లోపల వెతకొచ్చుగా అనుకుంటాం. అక్కడ రెండు గోడలు అడ్డం. మొదటిది, ఇవన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళు. 2001లో వచ్చిన 7.0 తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షనే లేదు. ఇప్పటి కంప్యూటర్లకి ఆ ఫైలు లోపల ఏముందో చదవడం రాదు. రెండోది ఇంకా ఎత్తయిన గోడ. ఆ రోజుల్లో డీటీపీ షాపుల్లో వాడిన తెలుగు ఫాంట్లు నిజానికి తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకి వేసిన తెలుగు వేషం. తలకట్టు ఒక మీటకి, గుడి ఒక మీటకి, వత్తు ఇంకో మీటకి కట్టేసి ఉంటాయి. ఫాంటు తీసేస్తే కింద మిగిలేది ఇంగ్లీషు అక్షరాలూ, ఆశ్చర్యార్థకాలూ, పౌండు గుర్తులూ. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. కానీ అచ్చుపని చేసేవాళ్ళకి అది అందడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాన్న ఫైళ్ళలో ‘పెళ్ళి’ అన్న మాట కంటికి ఉంది, కంప్యూటర్‌కి లేదు.

ఇవేవీ నన్ను పెద్దగా బాధపెట్టలేదు, కిందటేడు సంక్రాంతి తర్వాత ఒకావిడ ఫోన్ చేసేదాకా. ఆవిడ నాన్న కవి. 2003లో మా షాపులోనే పుస్తకం చేయించుకున్నాడు. 88 పేజీలు, 500 కాపీలు. ఆయన పోయి చాలా కాలమైంది. మిగిలిన కాపీలన్నీ ఒక అట్టపెట్టెలో, సింగ్‌నగర్‌లో వాళ్ళింట్లో కింది గదిలో ఉండేవట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ గది మునిగింది. నీళ్ళు తీశాక పెట్టెలో మిగిలింది కాగితపు ముద్ద. ఎవరెవరికో పంచిన కాపీల కోసం అడిగి చూశారు, దొరకలేదు. “మీ దగ్గర ఫైలేమన్నా ఉంటుందా?” అని అడిగింది.

నాన్న స్పీకర్లో విన్నాడు. “ఉంటదమ్మా. ‘వెన్’తో మొదలవుద్ది చూడు” అన్నాడు నాతో. వెతకడానికి ఆయనకి పట్టిన టైము అంతే.

నిజంగానే ఉన్నాయి, కానీ నాలుగు. ‘వెన్1’, ‘వెన్2’, ‘వెన్3’, ‘వెన్‌ఫిన్’. ఎవరైనా ‘ఫిన్’ అంటే ఫైనల్ అనే అనుకుంటారు. తేదీలు చూద్దామంటే నాలుగింటికీ ఒకటే తేదీ. 2005లో పేజ్‌మేకర్ 6.5 నుంచి 7.0కి మారినప్పుడు ముఖ్యమైనవన్నీ ఒక్కరోజే కూర్చుని తెరిచి, కొత్తగా సేవ్ చేశాడు మరి. నాన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. “ఫిన్ కాదు, మూడే అసలుది. ఫిన్ అయ్యాక ఆయన మళ్ళీ వచ్చాడు. ఒక పద్యం తీసెయ్యమన్నాడు. పాతదాంట్లోనే తీసి దాన్నే ట్రేసింగ్ తీశాం.”

వచన కవితని కూడా నాన్న పద్యం అనే అంటాడు.

ఆ క్షణంలో నాకు అర్థమైన విషయం చిన్నదే. ‘ఫిన్’ ఫైనల్ కాదన్న సంగతి ఆ నాలుగు ఫైళ్ళలో దేంట్లోనూ లేదు. ఎంత గొప్ప సెర్చ్ ఇంజిన్ పెట్టినా, రేపు ఏ కృత్రిమ మేధ వచ్చి ఆ ఫాంట్లన్నీ చదివేసినా, ఆ సంగతి దొరకదు. అది 71 ఏళ్ళ ఒక మనిషి తలలో మాత్రమే ఉంది. వెతకడం అనేది ఫైల్లో ఉన్నదాన్ని బయటికి తీస్తుంది. లేనిదాన్ని ఎవరో ఒకరు పక్కన రాసిపెట్టాలి. ట్యాగ్ అంటే అదే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇద్దరం కూర్చుంటున్నాం. పాత పేజ్‌మేకర్ ఉన్న కంప్యూటర్ ఒకటి బతికించి ఉంచాను. నేను ఫైలు తెరుస్తాను, ఆయన చూసి చెప్తాడు, నేను రాస్తాను. వారానికి ఇరవై.

ఎక్కడ రాయాలన్నది మొదటి ప్రశ్న. విండోస్‌లో ఫొటోలకీ, వర్డ్ ఫైళ్ళకీ ట్యాగ్ పెట్టుకోవచ్చు గానీ పేజ్‌మేకర్ ఫైళ్ళకి ఆ వసతి లేదు. మ్యాక్‌లో దేనికైనా పెట్టొచ్చు. కానీ ఆ ట్యాగు ఫైలు లోపల ఉండదు, డిస్కు దాన్ని పక్కన గుర్తుపెట్టుకుంటుంది. ఫైలుని మెయిల్లో పంపినా, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకో రకం కంప్యూటర్లో తెరిచినా ట్యాగు వెనకే ఉండిపోతుంది. అందుకని అన్నిటికన్నా మొరటు పద్ధతి ఎంచుకున్నాను. ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, యూనికోడ్ తెలుగులో. ఒక్కో ఫైలుకి ఒక్కో లైను. ముందు ఫైలు పేరు, తర్వాత నాన్న మాటలు. ఇరవై ఏళ్ళ తర్వాత ఏ యంత్రమైనా దాన్ని తెరవగలదని నా నమ్మకం.

ఫోల్డర్లు చేసుకుంటే సరిపోదా అని మా తమ్ముడు అడిగాడు. ఒక శుభలేఖని ‘శుభలేఖలు’లో పెట్టాలా, ‘1998’లో పెట్టాలా, ‘డబ్బులు రానివి’లో పెట్టాలా? ఫోల్డరంటే అలమరలో అర. వస్తువు ఒక్క అరలోనే ఉంటుంది. ఈ తలనొప్పి లైబ్రరీలకి ఎప్పట్నుంచో ఉంది. శియాళి రామామృత రంగనాథన్ అనే లెక్కల మాస్టారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యి, తొమ్మిదేళ్ళ తర్వాత కోలన్ వర్గీకరణ అచ్చేశాడు. పుస్తకాన్ని ముందే కట్టిన ఒక అరలోకి తొయ్యకుండా, అది దేని గురించి, ఏ చోటు గురించి, ఏ కాలం గురించి అని ముక్కముక్కగా అడిగి, ఆ ముక్కల్ని కలిపి నంబరిచ్చే పద్ధతది. ఇవాళ మనం ట్యాగులంటున్న వాటి వెనక ఉన్న ఊహ దీనికి చాలా దగ్గర. అయితే ఆయన ముక్కల్లో ‘డబ్బులు రానివి’ లేదు. అది నాన్న ముక్క.

మొదట్లో నా మాటల్లో రాసేదాన్ని. ఒక వారం ‘శుభలేఖ’, ఇంకో వారం ‘వెడ్డింగ్ కార్డు’, మరో వారం ‘పెళ్ళికార్డు’. అలాగైతే తెలుగులో వెతికీ ప్రయోజనం లేదు. మన భాషకి ఇది మామూలుగానే ఉన్న కష్టం. ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంట్లో’ దొరకదు, ‘ఇంటికి’ దొరకదు. ‘ఇళ్ళు’ అని కొడితే ‘ఇళ్లు’ దొరకదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో వ వత్తుగా మారిపోకుండా మధ్యలో ఒక కనపడని అక్షరం కొడతాం. అది కొట్టినవాడి మాట కొట్టనివాడికి చాలాచోట్ల దొరకదు. కాబట్టి ఒక వస్తువుకి ఒకే మాట, ఆ మాట నాన్నది, అని రూలు పెట్టుకున్నాం. శుభలేఖ ‘కార్డు’. మనిషి పోయాక వేయించేది ‘పెద్దకర్మ’. కరపత్రం ‘పాంప్లెట్’.

‘అర్జెంటు’ అని ఒక ట్యాగు పెడదామా అన్నాను. నవ్వాడు. “అర్జెంటు కాని పని మన షాపుకి ఎప్పుడొచ్చిందమ్మా?” అన్నిటికీ అతికే మాట ట్యాగుగా పనికిరాదు. ఈ సంగతి లైబ్రరీ సైన్సు పుస్తకాల్లోనూ ఉంటుంది గానీ నేను నేర్చుకుంది మాత్రం ఇక్కడే.

ఆ టెక్స్ట్ ఫైలు ఇప్పుడు చదువుతుంటే వింతగా ఉంటుంది. ‘సుబ్బు3: కార్డు, 1998, పసుపు అట్ట, పెళ్ళి ఆగిపోయింది.’ ఆ కార్డు తెరిస్తే అన్నీ మామూలే. పైన వినాయకుడు, ముహూర్తం, కల్యాణ మండపం, విందు ఎన్ని గంటలకో. లోపల వెతికితే పెళ్ళి జరిగినట్టే. ప్రూఫు ఓకే చేసి వెళ్ళిన పెద్దమనిషి మూడో రోజు వచ్చి, అచ్చు ఆపెయ్యమని చెప్పి, అడక్కుండానే కంపోజింగ్ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడట. ‘కార్డ్19: పెద్దకర్మ, 2001, చిన్నపిల్లాడు, డబ్బులు తీసుకోలేదు.’ ‘లక్ష్మిన్యూ: బిల్లు పుస్తకం, కొట్టు ఇప్పుడు లేదు.’ ఇలాంటివి కొన్ని వందలు. ఒక ఊళ్ళో ఒక సందులో పద్దెనిమిదేళ్ళు ఏం జరిగిందో ఫైళ్ళలో ఒక రకంగా ఉంది, ఈ లైన్లలో ఇంకో రకంగా ఉంది.

అన్నీ రాయనివ్వడు. కొన్ని చెప్పి, “అది రాయకు” అంటాడు. నేను రాయను. మరి నాకెందుకు చెప్పావని ఒకసారి అడిగాను. “నువ్వడిగావుగా” అన్నాడు.

కవిగారి పుస్తకం దగ్గర కూడా ఈ ప్రశ్నే వచ్చింది. ‘వెన్3’ని కన్వర్టర్లో వేసి యూనికోడ్‌లోకి మార్చాను. వత్తులు కొన్ని తారుమారైతే నాన్నే కూర్చుని దిద్దాడు. మరి ‘ఫిన్’లో మిగిలిపోయిన ఆ ఒక్క కవిత? సాహిత్యం చదివేవాళ్ళం కదా, అచ్చుకాని కవిత ఒకటి దొరికితే మన చేతులు ఊరుకోవు. “అనుబంధంగా వేయొచ్చు” అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. “ఆయన తీసెయ్యమన్నాడు. మనం అచ్చెయ్యకూడదు. కానీ ఉందని ఆ అమ్మాయికి చెప్పు. దాచిపెట్టడానికి మనమెవరం?”

చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత ఫోన్ చేసి, “ఉంచండి. పారెయ్యద్దు. నాకు చదవాలనిపించినప్పుడు నేనే అడుగుతాను” అంది. ఈ సంగతి ఇక్కడ రాయడానికి కూడా ఆవిడనే అడిగాను, సరేనంది. పుస్తకం మళ్ళీ అచ్చయింది, ఆయన ఓకే చేసిన రూపంలోనే. మా టెక్స్ట్ ఫైల్లో ఆ లైను ఇలా ఉంటుంది: ‘వెన్‌ఫిన్: పుస్తకం, 2003, ఫైనల్ కాదు, ఒక పద్యం ఎక్కువ, కూతురు అడిగితేనే.’

ఇప్పటికి 1,140 ఫైళ్ళయ్యాయి. నాన్నకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు బాగానే ఉంది. జ్ఞాపకం కూడా బాగానే ఉంది గానీ, ఈ మధ్య కొన్ని ఫైళ్ళ దగ్గర కాసేపు ఆగుతున్నాడు. “ఎవరో వచ్చారమ్మా, మొహం గుర్తుంది” అంటాడు. అప్పుడు ‘మొహం గుర్తుంది’ అనే రాస్తాను.

మిగిలినవి 3,176. వారానికి ఇరవై చొప్పున మూడేళ్ళ పైమాటే. ఆ లెక్క నేను ఆయనకి చెప్పలేదు. మొన్న ఆదివారం ఆయనే వేసుకున్నట్టున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, “ఇక మీదట వారానికి నలభై చేద్దాం” అన్నాడు.