కార్డులో రెండు గడులు

గర్భిణికి ప్రభుత్వమిచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో గర్భస్థ శిశువుకు సంబంధించి రెండు గడులున్నాయి. శిశువు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో ఒకదానిలో వ్రాయాలి. కదలికలు మామూలుగా ఉన్నవా, తగ్గినవా, అసలు లేవా అన్నది మరొకదానిలో. మొదటిది వింటేగాని నిండదు. రెండవది అడగకుండానే నిండిపోతుంది; చిక్కంతా అక్కడే.

వినడానికి ఘనమైన చరిత్రే ఉన్నది. 1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. ఆయన సమకాలికుడు కెర్గరదెక్, ఉమ్మనీటి కదలిక వినిపించునేమోనని ఆ సాధనాన్ని ఒక గర్భిణి ఉదరంపై ఆనించాడు. వినిపించినది మరొక గుండె! 1821లో ఆ సంగతిని పారిస్ వైద్య పరిషత్తుకు నివేదించాడు. 1895లో పినార్ చిన్న బాకా వంటి గొట్టాన్ని రూపొందించాడు.

ఆ గొట్టంతో వినడం ఒక విద్య. నర్సు ముందుగా చేతులతో తడిమి బిడ్డ వీపు ఎటున్నదో గుర్తిస్తుంది. వెడల్పు మూతిని అక్కడ ఆనించి, చెవి చేర్చి, గొట్టం మీదనుంచి చెయ్యి తీసివేస్తుంది. ఆ చేత్తో తల్లి మణికట్టు పట్టుకుంటుంది, రెండు నాడులూ కలగాపులగం కాకుండా. నిమిషం నిండా లెక్కిస్తుంది. 110కీ 160కీ మధ్య ఉంటే మామూలు. (ఆడో మగో చెప్పలేని సాధనం కనుక 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టానికి దీనితో పనిలేదు.)

అయితే గుండె మామూలుగా వినిపించినంత మాత్రాన బిడ్డ క్షేమమని నిశ్చయించరాదు. మాయ ద్వారా ప్రాణవాయువు చాలినంత అందని శిశువు, శక్తిని పొదుపు చేసుకోవడానికి కదలిక తగ్గిస్తుంది. ఆ మార్పు మొదట తెలిసేది తల్లికే. నెలలు నిండేకొద్దీ చోటు చాలక బిడ్డ మెదలడం తగ్గుతుందని ఇంటి పెద్దలు ధైర్యం చెబుతారు. ప్రేమతో చెప్పినా అది నిజం కాదు. తన్నుడు పోయి దొర్లుడు రావచ్చుగాని, కదలికలు తగ్గరాదు. తగ్గితే వచ్చే పరీక్ష దాకా ఆగక ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నవి. వరుస పెద్దది. తల ఎత్తకుండానే రెండవ గడిలో ‘మామూలు’ అని వ్రాసే కలానికి తీరికలేదన్నది కొంతవరకు నిజమే. కాని, “నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైనా తేడా ఉన్నదామ్మా?” అని అడగడానికి అరనిమిషం చాలు. అలా అడిగినప్పుడు కొందరు వెంటనే బదులు చెప్పరు. ముందు అత్తగారి ముఖంలోకి చూస్తారు.