రైలు ఆపిన పోరడు

సీక్వెల్ సినిమా అనగానే ఇప్పటికీ నాకు మా బాపే గుర్తొస్తాడు. నవ్వకండి. ఆయనకూ హాలీవుడ్‌కూ చుట్టరికం కలిపింది ఒక్క సినిమానే.

2004 వానాకాలం. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. బాపు పెద్దపల్లిలో రైస్‌మిల్లు హమాలీ. అన్న దుబాయి వెళ్లి ఎనిమిది నెలలైంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, మా స్టేషన్‌లోనే రైలెక్కించాం. వాడికప్పుడు ఇరవై ఏళ్లు. ప్రతి శుక్రవారం పక్కింటి ఫోనుకు చేసేవాడు. ఆ రోజుల్లో పీపీ నంబరు అనేవాళ్లం, గుర్తుందా? బాపు రిసీవర్ అందుకోగానే అడిగే మొదటి మాట ఒకటే... "పైసలు పంపినవా?" అవతలి నుంచి వచ్చే జవాబూ ఒకటే... "పంపుత బాపూ, నేను మంచిగనే ఉన్న."

అప్పుడే 'స్పైడర్ మ్యాన్-2' తెలుగు మాటలతో మా ఊరికొచ్చింది. 2002లో వచ్చిన మొదటి భాగం చూసిన దగ్గర్నుంచి నాకు పిచ్చి. ముసురు పట్టి ఆరోజు మిల్లు బందైంది. ఒక్కణ్ని పంపనని తనే వెంట వచ్చాడు బాపు. ఎన్టీఆర్ తర్వాత సినిమాలే లేవనే మనిషి! పది నిమిషాల్లో గురక పెడతాడనుకున్నా.

పెట్టలేదు. తెరమీద కుర్రాడు పిజ్జాలు మోస్తున్నాడు. ఆలస్యమైందని ఉద్యోగం పోయింది. కిరాయి కోసం ఇంటి ఓనరు తలుపు దగ్గరే కాపు కాస్తున్నాడు. పెంచిన పెద్దమ్మకు ఇంటి అప్పు కట్టే దారి లేదు. అయినా వాడి పుట్టినరోజుకు ఇరవై డాలర్లు చేతిలో పెట్టి, వద్దంటే కోప్పడుతుంది. "గీ సిన్మల ఫైటింగులు లేవారా?" అని అడుగుతాడనుకున్న బాపు, "పాపం" అన్నాడు మెల్లగా.

మొదటి భాగంలో హీరోకు శక్తులొస్తాయి. చప్పట్లు కొడతాం. వాటి వల్ల వాడికేం మిగిలిందని రెండో భాగం అడుగుతుంది. అందుకే దర్శకుడు శామ్ రెయిమీ తీసిన మూడింటిలో నాకిదే ఇష్టం. టోబీ మాగ్వైర్ కండలు తిరిగిన వీరుడిలా కాదు, నిద్రలేని కుర్రాడిలా ఉంటాడు. షూటింగుకు ముందు నిజంగానే నడుంనొప్పితో బాధపడ్డాడట. వేరే నటుణ్ని పెట్టుకుందామన్న ఆలోచన కూడా జరిగిందట. సినిమాలో హీరో అంతెత్తు నుంచి పడి నడుం పట్టుకుంటే, హాల్లో అందరికన్నా గట్టిగా నవ్వింది బాపే. బస్తాలు మోసిన నడుం కదా!

విలన్ డాక్టర్ ఆక్టోపస్‌గా ఆల్‌ఫ్రెడ్ మోలినా. భార్యను ప్రేమించే పెద్దమనిషి రాక్షసుడైతే ఎంత జాలేస్తుందో చూపించాడు. ఆయన వీపు మీది నాలుగు ఇనుప చేతుల్లో చాలా భాగం, తోలుబొమ్మల్లాగే, మనుషులు వెనకుండి ఆడించినవే. మిగతాది కంప్యూటర్ మాయ. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వచ్చింది. ఇక జె.కె. సిమన్స్ వేసిన పత్రిక ఎడిటర్ పాత్ర... ఈ ఉద్యోగంలో చేరాక మరీ నచ్చింది. మా ఎడిటర్ గారు ఇది చదువుతారు కాబట్టి ఇంతటితో ఆపేస్తా.

అసలు విషయం రైలు సీను. కథ న్యూయార్క్‌లో జరిగినా ఆ రైలు కోసం షికాగోలోనూ చిత్రీకరించారు. బ్రేకులేని రైలుకు ముందు నిలబడి, రెండు వైపులా భవనాలకు దారాలు వేసి, ఛాతీ చీలిపోతుందేమో అన్నట్టు ఆపుతాడు. స్పృహ తప్పి పడిపోబోతుంటే ప్రయాణికులు పట్టుకుని, చేతుల మీదుగా లోపలికి తెస్తారు. ముఖానికి ముసుగు లేదు. వాళ్లలో ఒకాయన, తన కొడుకంత కూడా లేడే అని విస్తుపోతాడు.

పక్కకు చూశాను. బాపు తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు. "ఉక్క వోస్తున్నది" అన్నాడు. బయట వాన పడుతూనే ఉంది.

ఇంటికి వెళ్లేదారిలో రైల్వేగేటు పడింది. గూడ్సుబండి పోతున్నంతసేపూ మాట్లాడలేదు. గేటు ఎత్తాక అన్నాడు... "గంత బరువు మోసేటోడు గూడ పోరడే గదరా!"

ఆ శుక్రవారం ఫోను మోగింది. బాపు రిసీవర్ తీసుకుని, "తిన్నవా బిడ్డా?" అన్నాడు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఏడుపు. మూడు నెలలుగా జీతం సరిగా ఇవ్వడం లేదని, నడుం పట్టేసిందని, అప్పు భయానికి చెప్పలేదని ఒక్కొక్కటీ బయటపడ్డాయి. "అప్పు నేను జూసుకుంట. చాతగాకుంటె వచ్చెయ్యి" అన్నాడు బాపు. అన్న వెంటనే రాలేదు. పని మారి, ఇంకో రెండేళ్లుండి అప్పు తీర్చే వచ్చాడు. కానీ ఆ శుక్రవారం తర్వాత "మంచిగనే ఉన్న" అని అబద్ధం చెప్పలేదు.

2021 డిసెంబర్‌లో 'స్పైడర్ మ్యాన్: నో వే హోమ్' వస్తే పిల్లల్ని తీసుకుని అన్నా నేనూ వెళ్లాం. పదిహేడేళ్ల తర్వాత మోలినా అవే ఇనుప చేతులతో మళ్లీ కనిపించాడు. టోబీ మాగ్వైర్ రాగానే పిల్లలు కుర్చీలెక్కి ఈలలు. అన్న నా చెవి దగ్గరకు వంగాడు... "బాపును ఏడ్పించింది ఈయ్ననేనా?"

తలూపాను. వినోదం విలువ ఎంత అని ఎవరైనా అడిగితే నేను లెక్క చెప్పలేను. మా ఇంట్లో మాత్రం అది ఒక్క ప్రశ్నను మార్చింది.

ఇంటికొచ్చేసరికి బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పిల్లలు కథంతా ఒక్క ఊపులో చెప్పేశారు. ఓపిగ్గా విని, ఒకటే అడిగాడు.

"ఆ రైలు ఆపిన పోరడు ఇప్పుడు మంచిగున్నడా?"