ముందు చేత్తో రాయాలి

చిన్న సీఎన్‌సీ రౌటర్ కొన్న పిల్లలు చాలామంది మొదటి రోజే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి కూర్చుంటారు. అది రాసిచ్చిన వేల లైన్ల జీ-కోడ్‌లో ఏముందో చూడకుండానే మిషన్‌కు పంపేస్తారు. ఈ వరస తిరగేయాలని నేను గట్టిగా చెప్తాను. ముందు చేత్తో రాయడం రావాల. సాఫ్ట్‌వేర్ తర్వాత.

బెంగళూరు పీణ్యలో వీఎంసీ అనే ఫ్యాక్టరీ మిల్లింగ్ మిషన్ మీద పనిచేసి మా ఊరు కెంచార్లహళ్ళికి తిరిగొచ్చినవాణ్ణి నేను. అక్కడి కంట్రోలర్‌కు జీ81 అని ఇచ్చి కొలతలు చెప్తే డ్రిల్లింగ్ అంతా అదే చూసుకునేది. ఇక్కడ నా బల్ల మీది మిషన్‌ను నడిపేది ఆర్డుయినో ఊనో బోర్డు, అందులో జీఆర్‌బీఎల్. నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ 2009లో మొదలుపెట్టి అందరికీ ఉచితంగా వదిలిన ప్రోగ్రాం అది. 32 కిలోబైట్ల జాగాలో ఇమడాలి కాబట్టి జీ81 లేదు, బిట్ మందాన్ని తనే సర్దుకునే జీ41 కూడా లేదు. ఆ లెక్కలు మనమే చేయాలి. మొదట నేర్చుకునేవాడికి అదే మేలని నా నమ్మకం.

శిడ్లఘట్టలో రేష్మె (పట్టు) దారం తీసేవాళ్ళు అడిగే పని చూడండి. "అన్నా, ఈ నైలాన్ పట్టీలో పది బొక్కలు సమంగా పడాల. దారం పక్కకు పోగూడదు" అంటారు. పట్టీ మందం 6 మిల్లీమీటర్లు, బొక్కకూ బొక్కకూ ఎడం 25. దీనికి బొమ్మ ఎందుకు? మొదటి బొక్క జాగాను సున్నా చేసి, బిట్‌ను పట్టీకి 2 మిల్లీమీటర్లు పైన నిలిపి, జీ91 ఇస్తాను. అంటే ఇక మీద చెప్పే ప్రతి కొలతా ఉన్నచోటు నుంచే లెక్క. తర్వాత మూడే లైన్లు: జీ1 జెడ్-8.5 ఎఫ్100, జీ0 జెడ్8.5, జీ0 ఎక్స్25. దిగు, లేయి, జరుగు. ఈ మూడింటినీ పదిసార్లు అతికించి, చివర కొలతలను మళ్ళీ సున్నా నుంచి లెక్కించే జీ90 పెడితే పని సిద్ధం. అర మిల్లీమీటరు ఎక్కువ దించేది బొక్క అవతలికి పూర్తిగా పడాలని. అందుకే పట్టీ కింద పనికిరాని ఎండీఎఫ్ ముక్క వేస్తాను.

బొక్కల ఎడం ఒకేలా లేకపోతే ఎక్సెల్ షీటులో కొలతలు రాసి, ముందు జీ0 ఎక్స్ అని జోడిస్తే లైన్లు అవే తయారవుతాయి. అసలు ఈ విద్య పుట్టిందే ఇలాంటి పట్టికల నుంచి. 1940ల చివర్లో అమెరికాలో జాన్ పార్సన్స్ హెలికాప్టర్ రెక్కల అచ్చుల కోసం వంపు మీది బిందువులను పంచ్ కార్డుల యంత్రంతో లెక్క కట్టించి, ఆ అంకెల ప్రకారం మిల్లింగ్ చేయించాడు. అంకెలు చదివి తనే కదిలే మిషన్‌ను ఎంఐటీ వాళ్ళు 1952లో చూపించారు.

గుండ్రటి బొక్కకు కొంచెం ఆలోచన కావాలి. నీమా 17 స్టెప్పర్ మోటర్ బిగించే ప్లైవుడ్ పలకలో మధ్య బొక్క 22 మిల్లీమీటర్లు. బిట్ 6 అయితే బిట్ నడిమి తిరగాల్సిన వ్యాసార్ధం 11లోంచి 3 తీసేస్తే 8. నడిమిని సున్నా చేసి, ఎక్స్8 దగ్గర 2 మిల్లీమీటర్లు దించి, జీ2 ఎక్స్8 వై0 ఐ-8 అంటే ఒక చుట్టు. మళ్ళీ 2 దించు, మళ్ళీ చుట్టు. ఎదురు దిక్కున తిప్పే జీ3 కన్నా జీ2నే ఎంచుకునేదానికి కారణం ఉంది: బొక్క లోపలి వైపు గడియారం దిక్కున తిరిగితే బిట్ చెక్కను ఎదిరించి కోస్తుంది, స్క్రూలో ప్లే ఉన్నా ముందుకు గుంజుకుపోదు. చివరి చుట్టులో నడిమి బిళ్ళ ఊడి బిట్‌కు తగులుతుంది, దాన్ని ముందే డబుల్ టేపుతో కిందికి అంటించండి.

వేగం విషయం ఒక గుణకారమే. 10,000 ఆర్‌పీఎం, రెండు అంచుల బిట్, ఒక్కో అంచు 0.03 మిల్లీమీటర్లు కోస్తే ఫీడ్ నిమిషానికి 600 మిల్లీమీటర్లు. అక్రిలిక్‌కు భయపడి ఫీడ్ తగ్గిస్తే అది తెగకుండా కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది.

అయితే అన్నీ చేత్తో కావు. మా వైపు అందరూ కొలిచే కైవారం తాతయ్య బొమ్మ చెక్క మీద కావాలని అడిగేవాళ్ళుంటారు. ముఖం, గడ్డం, వస్త్రం మడతలు చేత్తో రాసేవి కావు, దానికి సాఫ్ట్‌వేరే దిక్కు.

చేత్తో రాసిన ప్రోగ్రాం కరెంటు పోయినప్పుడూ ఆదుకుంటుంది. మా పల్లెల్లో కరెంటు నమ్మకం లేదు. పని మధ్యలో పోతే ముందు స్పిండిల్ స్విచ్ ఆపి, జెడ్ స్క్రూను చేత్తో తిప్పి బిట్‌ను పైకి తీయాలి. కరెంటు వచ్చాక డాలర్ హెచ్ అనే ఆదేశం ఇస్తే మిషన్ లిమిట్ స్విచ్‌ల దగ్గరికి పోయి తన జాగా తెలుసుకుంటుంది. జీ54లో పెట్టిన సున్నా బోర్డు జ్ఞాపకంలో నిలిచే ఉంటుంది. జీ92తో పెట్టింది పోతుంది, అందుకే ఆ అలవాటు వద్దంటాను. ఇక నైలాన్ పట్టీలో అయిదు బొక్కలు పడి ఆగిందనుకోండి, ఆరోది ఎక్స్125 దగ్గర. అక్కడికి పోయి, బిట్‌ను మళ్ళీ 2 మీద నిలిపి, స్పిండిల్ తిప్పి, జీ91 ఇచ్చి, మిగిలిన అయిదు ముక్కలూ పంపితే చాలు. ఐటీఐ చదివే పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట చేయించేది ఇదే: పని నడుస్తుండగా మెయిన్ ఆపేసి, ప్రోగ్రాం రాసుకున్న కాగితం చూసి మళ్ళీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పమంటాను.