మూసీ వెంట వాడపల్లి దాకా

మురుగు సముద్ర జీవాలను ఏం చేస్తుందో చూడాలంటే తీరానికే వెళ్లాలంటారు. నేను సముద్రం ఊసే లేని నల్లగొండ పల్లెల మీదుగా మూసీ వెంట బయల్దేరాను. అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ ఏరు హైదరాబాద్ మురుగును మోసుకొచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర బంగాళాఖాతం చేరుతుంది.

ప్రతాపసింగారం దగ్గర నీళ్లు నల్లగా, నురగతో ఉన్నాయి. కుళ్లిన గుడ్ల వాసన. నీటిలో ఆక్సిజన్ అడుగంటితే పుట్టే వాయువు అది. చేపలు బతికి పెరగాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఒడ్డున పశువుల గడ్డి మాత్రం ఏపుగా పెరిగింది.

వలిగొండ వైపు వెళ్తుంటే కత్వలు ఎదురయ్యాయి. కత్వ వెనక నీరు నిలుస్తుంది, మడ్డి అడుక్కి దిగుతుంది, కిందికి దూకే నీటికి గాలి తగులుతుంది. పొలాల కోసం కట్టిన ఈ పాత అడ్డుకట్టలే ఏటిని కొంత కడుగుతున్నాయని పరిశోధకులు కొలిచి చూపారు. కరిగిన ఉప్పు మాత్రం అలా దిగిపోదు.

సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు గట్టున వల విదిలిస్తున్న పెద్దమనిషిని పలకరించాను.

"చేపలు పడుతున్నయా, అన్నా?"

"ఎందుకు పడవు సారూ! కొరమీను, జిలేబీ మస్తు పడ్తయి. బొచ్చె, రవ్వలే తక్కువ."

నా ప్రశ్నలో లేని సంగతి ఆయన జవాబులో ఉంది. కొరమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. జిలేబీ తక్కువ ఆక్సిజన్‌నూ ఓర్చుకుంటుంది. చేపలు ఉన్నంత మాత్రాన నీరు మంచిదని కాదు, ఏ చేపలో చూడాలి. సముద్రంలోనూ అంతే. మురుగు కలిసేచోట అడుగు బురదను జల్లించి, ఏ పురుగులున్నాయో లెక్కపెడతారు. కాపిటెల్లా అనే సన్నటి పురుగు గుంపులుగా దొరికి, మిగతా రకాలు తగ్గిపోతే, అక్కడ సేంద్రియ మురుగు పేరుకుందని గుర్తు. నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎక్కువైతే నాచు విపరీతంగా పెరుగుతుంది, అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది.

వాడపల్లి అగస్త్యేశ్వరాలయం దగ్గర సంగమం చూశాను. వానాకాలపు కృష్ణ మూసీని పలచన చేసి కప్పేస్తుంది. ఎండాకాలంలో కృష్ణ సన్నబడ్డాక మూసీ వాటా పెరుగుతుంది. తీరంలో పరీక్ష చేసేవారు వరద రోజుల నీటినే పట్టుకెళ్తే లెక్క తప్పుతుంది. మే నెలలో ఇక్కడికొచ్చి ఓ సీసా నింపుకోవాలి, వలలో ఏం పడుతోందో కూడా అడగాలి.