తంగేడు చెవి

పట్నంలో పెరిగిన నాకు పసుపుపచ్చగా పూసిందల్లా తంగేడే. పెళ్ళయి హవేలిఘనపూర్ వచ్చాక కూడా ఆ సంగతి బయటపడలేదు. ఎందుకంటే ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ప్రతి ఏడూ పువ్వు కోసుకొచ్చేది మా అత్తమ్మే. పోయినేడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. సంచి నా చేతికొచ్చింది.

పొద్దున్నే చిన్నదాన్ని వెంటేసుకుని మెదక్ రోడ్డు పక్కన ఒక చెట్టు కింద నిలబడి కొమ్మలు వంచి సంచి నింపేశాను. ఇంత తేలికైన పనికి అత్తమ్మ గుట్టల దాకా ఎందుకు నడిచేదో అనుకుంటూ ఇంటికొచ్చాను. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి ఒక రెమ్మ తీసి నవ్వింది.

"గిది సీమ తంగేడు బిడ్డా. రోడ్ల పొంటి నీడకు పెట్టే చెట్టుది. పువ్వు సూస్తే అన్నీ గట్లనే ఉంటయ్. ఆకు సూడాలె, కాయ సూడాలె."

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వాకిట్లో మా చిన్నది పక్కింటి పిల్లతో బువ్వాట ఆడుతోంది. చిన్న గిన్నెలో ఏవో పచ్చి కాయలు తుంపి పెట్టింది. "చిక్కుడుకాయ కూర, నానమ్మా!" అంది. అత్తమ్మ గిన్నె చూసి, మోకాళ్ళ సంగతి మర్చిపోయి లేచింది. పిల్ల నోట్లో వేలు పెట్టి తుడిచి, నీళ్ళు పుక్కిలింపించింది. "మింగినవా? ఎన్ని మింగినవ్?"

అవి కసింద కాయలు. ఒకటి కొరికి, చేదుగా ఉందని ఉమ్మేశానంది పిల్ల. పక్కింటి పిల్ల అసలు నోట్లో పెట్టలేదట. ఎంతవరకు నిజమో ఎవరికి తెలుసు? ఇద్దర్నీ ఆటోలో మెదక్ తీసుకెళ్ళాం. అత్తమ్మ ఆ మొక్కను వేళ్ళతో సహా పీకి కొంగులో మూటగట్టుకుని వచ్చింది. డాక్టరు ముందు దాన్నే చూశారు. సాయంత్రం దాకా ఉంచి పంపించారు. పిల్లలకేమీ కాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ళ తరబడి వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో చిన్నపిల్లలకు ఉన్నట్టుండి వాంతులు, ఆ వెంటనే స్పృహ తప్పడం, చాలామంది చనిపోవడం జరిగేది. మెదడువాపు అనుకునేవారు. అది కసింద గింజలు తిన్నందువల్ల వస్తోందని అక్కడి డాక్టర్ల పరిశోధన 2007లో అచ్చయింది. కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతింటాయట. మన బతుకమ్మ రోజులకే ఆ కాయలు ఊరిస్తూ వేలాడుతుంటాయి.

అందుకే అత్తమ్మ నేర్పింది ఇక్కడ రాస్తున్నాను. నాలుగూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు. పువ్వు చూసి తేల్చబోతే మోసపోతాం.

తంగేడు పొద. ఈనెకు రెండు వైపులా ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులుంటాయి. జతజతకీ మధ్య ఈనె మీద సన్నటి మొటిమ లేచి ఉంటుంది. కాడ మొదట్లో చెవిలాంటి గుండ్రని చిట్టి ఆకు. శాస్త్రజ్ఞులు పెట్టిన ఆరిక్యులేటా అన్న పేరుకు చెవులున్నదనే అర్థం. కాయ కాగితంలా పల్చన, లోపలి గింజలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. 2014లో మన రాష్ట్ర పుష్పమైంది ఇదే.

సీమ తంగేడు పెద్ద చెట్టు. ఆకులు జతజతలుగా ఉన్నా మధ్యలో మొటిమలుండవు, చెవీ ఉండదు.

తగిరంచ వానలకు మొలిచే చిన్న మొక్క. లేతాకు మనం కూర వండుకుంటాం. మూడే జతలు, ఆకు కొస గుండ్రం. కాయ సన్నగా, జానెడు పొడుగున, కొడవలిలా వంగి ఉంటుంది.

కసింద ఆకులు నాలుగైదు జతలు, కొస మొన తేలి ఉంటుంది. మొటిమ కాడ మొదట్లో ఒక్కటే. కాయ బల్లపరుపుగా, కాస్త పైకి వంగి, అంచులు లేత రంగులో ఉంటాయి. ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిందే. అయితే తగిరంచకూ కొంచెం వాసన ఉంటుంది కాబట్టి వాసన ఒక్కటే నమ్మకండి. కూరకు కోసేటప్పుడు జతలు లెక్కపెట్టండి.

ఇంటి చుట్టూ ఉంటే కాయ పట్టకముందే పీకేయండి. పిల్లలు తిన్నారనిపిస్తే వాంతులయ్యేదాకా చూడకండి, మొక్క పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి.

ఈ ఏడు పండక్కి ముందే నేనూ చిన్నదీ ఇంటి చుట్టూ, బడి దారి పొడుగునా కసింద పీకేశాం. పువ్వుకి పోచారం వైపు నడిచాం. మునుపటి గుట్టలు కొన్ని ప్లాట్లయిపోయాయి, తంగేడు కోసం చాలా దూరం పోవాల్సి వచ్చింది. నేను కొమ్మ వంచగానే చిన్నది ఆగమంది. ఆకు కాడ పట్టుకుని చూసి, "చెవి ఉందమ్మా, కొయ్యి" అంది.

ఇంటికొచ్చాక సంచి అత్తమ్మ ముందు పెట్టాను. ఆవిడ చెయ్యి పెట్టి చూడలేదు. తాంబాళం తెమ్మంది.