రాతి మీద ఒక్క మాట

దక్షిణ ఫ్రాన్సులో ఉప్పు మడుల నడుమ ఎగ్ మోర్త్ అను ప్రాకారపట్టణమును మేము దర్శించాము. అక్కడి కాన్‌స్టాన్స్ బురుజును 13వ శతాబ్దములో తొమ్మిదవ లూయీ రాజు కట్టించాడు. గోడల మందము 6 మీటర్లు.

1685లో ప్రొటెస్టంటుల ఆరాధన నిషేధింపబడిన తరువాత ఇది విశ్వాసులకు చెరసాల అయింది. పై గదిలో నేల నడుమ బావివంటి గుండ్రని రంధ్రమున్నది. దాని రాతి అంచున 'ఎదిరించి నిలువుము' అని అర్థమిచ్చు ఒక్క మాట చెక్కబడి ఉంది. అది మేరీ డ్యూరాండ్ అను సహోదరి చెక్కినదని చెబుతారు.

1730లో చెరపట్టబడినప్పుడు ఆమెకు 19 ఏండ్లు. రహస్యముగా సంఘములను నడిపిన ఆమె అన్న పియెర్‌ను 1732లో ఉరితీశారు. విశ్వాసము విడిచితినని చెప్పినవారికి విడుదల దొరికేది. ఆమె చెప్పలేదు. తోటి ఖైదీల కొరకు ఉత్తరములు వ్రాసి సహాయము అర్థించింది. 38 ఏండ్ల తరువాత, 1768లో విడుదలైంది.

సంఘములోని మాటపట్టింపులకు విసిగి, ఈ సేవ విడిచిపెడదామా అను తలంపుతోనే మేము ప్రయాణమైనాము. ఆ రాతి యెదుట సిగ్గుపడ్డాము. మరుసటి ఆదివారము మన గుడి గంట మేమే కొట్టాము.