బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడితే ముందు గొట్టం చూడండి

 

మేము ఆటోమొబైల్ బ్రాంచి, హాస్టల్లో ఒకే రూములో ముగ్గురం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ ఏడాది ల్యాబులో ఒక పాత విదేశీ కారు క్రూజ్ కంట్రోల్ విప్పించారు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే బండి ఒకే స్పీడులో పోయే ఏర్పాటు అది. పాడేరు ఘాట్లో దీంతో ఏం పని అని నవ్వుకున్నాం.

ఇంజను గాలి పీల్చేటప్పుడు పుట్టే వాక్యూమ్, రబ్బరు గొట్టంలో ఒక డబ్బాకి చేరుతుంది. లోపలి డయాఫ్రం పొర కదిలి, కేబుల్‌తో థ్రాటిల్‌ని లాగుతుంది. పనిచెయ్యకపోతే కంప్యూటర్ బాక్సు మీద పడొద్దన్నారు సార్. ముందు ఫ్యూజు, బ్రేకు స్విచ్చి. తర్వాత గొట్టాల పగుళ్లు, సుయ్‌మనే చప్పుడు. ఆఖర్న డబ్బా మిగతా దారులు మూసి చేతిపంపు పెట్టాలి. ముల్లు నిలబడితే పొర బాగున్నట్టు, పడిపోతే లీకు.

సెలవులకి ఇంటికెళ్తే సర్వీసు జీపు డ్రైవరు మావ, "బ్రేకు రాయిలాగైపోనాదిరా, రెండు కాళ్లతో తొక్కుతున్నాను. మాస్టరు మార్చాలంట, డబ్బుల్లేవు" అన్నాడు. మా అమ్మలు సంతకి పోయేది ఆ జీపులోనే. నెలలు నిండినోళ్లు ఆసుపత్రికి దిగేదీ అందులోనే.

బ్రేకు బూస్టరు కూడా వాక్యూమ్ డబ్బాయే. ఆ డీజిల్ జీపుకి వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనక ఉంది. బండిని చదునులో నిలిపి, చక్రాలకి రాళ్లు పెట్టి, ఇంజను ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కాం. తొక్కిపట్టి స్టార్ట్ చేశాం. బూస్టరు బాగుంటే పెడల్ కొంచెం దిగాలి. దిగలేదు. పంపు నుంచి బూస్టరుకి పోయే గొట్టం వంపు దగ్గర పగులు వేలికి తగిలింది. అలాంటిదే కొత్త గొట్టం, క్లిప్పులు తెచ్చి వేశాక పెడల్ దిగింది. మావ ఏమీ అనలేదు. ఖాళీ జీపు రెండుసార్లు తోలి చూసుకున్నాకే మనుషుల్ని ఎక్కించాడు.

గుర్తుంచుకోండి. పెడల్ గట్టిపడితే వాక్యూమ్ చూడాలి. స్పాంజిలా ఉంటే లైనులో గాలి చేరి ఉండొచ్చు. తొక్కిపట్టినా మెల్లగా జారిపోతుంటే మాస్టరో, లీకో, బండి కదపకుండా మెకానిక్‌ని పిలవాలి.

ఇంకో మాట. డీజిల్ మిగులుతుందని ఘాట్ దిగేటప్పుడు ఇంజను ఆపేస్తారు మనోళ్లు. ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. బూస్టర్లో మిగిలింది కొన్ని తొక్కులకే సరి. తర్వాత మన కాలి బలమే. ఇంజను ఆపకుండా తక్కువ గేరులో దిగమనండి.

మీ ఊరి జీపు డ్రైవరుకి ఇది చదివి వినిపించండి.